కల్లుకుండలో అంబలి

కమల వదిన వీపనగండ్ల బస్సు దిగి ఇంటికి వచ్చినప్పుడు ఆమె చంకలో ఒక చిన్న బొంత ఉంది. పాత చీరల అంచులు కలిపి కుట్టింది. ఎరుపు, చిలకపచ్చ, నడుమ నడుమ మాసిన జరీ. దాన్ని అరుగు మీద పరిచి, "సూడు బాలమణీ, మెత్తగ ఉన్నదా? జరీ పిల్లకు గుచ్చుకోదు గద?" అని అడిగింది.

చేత్తో తడిమి చూశాను. "మెత్తగనే ఉంది వదినా" అన్నాను. అని, లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చున్నాను. అప్పటిదాకా పిల్లను పంపడమనేది ఇంట్లో ఒక మాట మాత్రమే. బొంత కుట్టిన తర్వాత అది మాట కాదు.

వదిన మా ఆయన తుకారాంకు అక్క. పెళ్లయి చాలా ఏళ్లయినా కడుపు పండలేదు. వాళ్లు మగ్గం వదిలేసి కౌలుకు భూమి పట్టారు. రెండు పాడి బర్రెలున్నాయి. మా జమ్ములమ్మకు అప్పుడు తొమ్మిదో నెల. వానాకాలం దాకా, పిల్ల ఒళ్లు చేసేదాకా, వదిన దగ్గర ఉంచాలని మా అత్త రేణుకమ్మ అన్నది. మా ఆయన కాదనలేదు.

పోయిన ఎండాకాలం సంగతి ఇది. ఎండలు మొదలయ్యేటప్పుడు పిల్ల బాగానే ఉండేది. అంగన్వాడీ ఆయమ్మ చెప్పినట్టు తైదలు, అంటే రాగులు, నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు రాగానే ఎండబోసి, తిరగలి పట్టాను. మా అమ్మ బిజినేపల్లి నుంచి పంపిన తైదలన్నీ అట్లాగే చేసి డాల్డా డబ్బా నిండా పోసి, ఇంటి తైద పిండి డబ్బాకు పైన, పై అర మీద పెట్టుకున్నాను. ఆ పిండితో జావ కాస్తే పిల్ల గిన్నెడు తాగి, గిన్నె అంచు కొరికేది. ఉగాది ముందర ఒక వారం పుట్టింటికి పోతూ కొంత పిండి మూటగట్టుకొని పోయాను. అక్కడా తాగింది. తిరిగి గద్వాల వచ్చిన మర్నాటి నుంచే మూతి తిప్పుకోవడం మొదలుపెట్టింది.

నాలుగు చెంచాలు పోసేసరికి దవడ బిగించేది. బలవంతంగా పోస్తే కక్కేది. పళ్ల పోటేమో, నోరు చేదుగా ఉందేమో అని బెల్లం కలిపాను. అయినా అంతే. పిల్ల చేతి నల్లపూసలు మోచేతి దాకా జారుతుంటే, నేను వాటిని మణికట్టుకు లాగి లాగి పెట్టేదాన్ని, ఎవరూ చూడకుండా. దవాఖానలో డాక్టరమ్మ చూసి రోగమేమీ లేదు, తిండి చాలడం లేదన్నది. నేను పెట్టడం లేదన్నట్టే వినబడింది నాకు.

"బిజినేపల్లిల తాగింది, ఈడ తాగుతలేదు. ఈడి నీళ్లు పడతలేవే పిల్లకు" అన్నది అత్త. "జాగ మార్చి సూద్దాం. కమల చేతుల తింటదేమో."

"నేను గూడ పోత అత్తా."

"నువ్ పోతే కండెలెవరు సుట్టాలె? మగ్గం నిలబెట్టాల్నా?"

ఆమె మాటలో కోపం లేదు. మగ్గం మీద నేసే చేతులు రెండైతే, కింద నూలు కండెలు చుట్టే చేతులు రెండుండాలి. మా ఇంట్లో ఆ చేతులు నావే. అత్తకు చూపు ఆనదు. పుట్టింటికి పోదామంటే అక్కడ మా తమ్ముని భార్య పురిట్లో ఉంది. అన్ని దారులూ చూశాకనే అత్త ఈ మాట అన్నదని నాకు తెలుసు. అందుకే ఇంకా భయమేసింది.

వదిన పిల్లను తీసుకుపోవడానికి ఒక రోజు అనుకున్నారు. మా పడుగుకు గంజి పెట్టే రోజు మధ్యాహ్నం బస్సుకు.

పడుగుకు గంజి పెట్టడమంటే ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. తెల్లవారుతూనే నూలు పడుగును, మగ్గానికెక్కే నిలువు పోగులను, వీధి పొడుగునా లాగి కట్టి, గంజి పూసి, అది ఆరేలోపు కుంచెలతో దువ్వాలి. వాడలో చేతులు ఖాళీ ఉన్న మగవాళ్లంతా వస్తారు. కూలి ఎవరూ అడగరు. ఎవరి పడుగైతే వాళ్లింటి అంబలి, అంతే మర్యాద. మిగతా రోజుల్లో మా ఇళ్లల్లో జొన్నరొట్టెలే. తైద అంబలి మాత్రం గంజి రోజుకే. అది తాగి మూతి తుడుచుకుంటూ ఆ ఇంటి కోడలి చేయి ఎట్లాంటిదో చెప్పుకుంటారు. చిక్కగా ఉంటే మనసున్న పిల్ల అంటారు. పలచగా ఉంటే ఇంక ఆ వీధిలో నీళ్లకు పోవడం కష్టమే.

కుంచె పట్టడానికి మా అత్త అన్న నాగప్ప మామ ముందుగానే దిగాడు. చిన్నప్పుడు రాయచూరు పక్క మగ్గాల మీద పనిచేసినవాడు. మాటల్లో కన్నడం దొర్లుతుంటుంది. పడుగు మీద ఆయన కుంచె ఆడిస్తే పోగు పోగుకూ అంటదని పేరు. ఇంకో పేరు కూడా ఉంది. కల్లు ఒక గుటక నోట్లో పోసుకొని అది ఈతదా తాటిదా, పొద్దుటిదా మాపటిదా, ఏ ఊరి వనంలోదో చెప్పేస్తాడు. మందు కలిపిన కల్లు అయితే ఎదుటివాడి ముందే ఉమ్మేస్తాడు. ఈసారి కూడా దారిలో తెలిసిన, కల్లు గీసే గౌండ్లాయన దగ్గర ఈతకల్లు కుండతో సహా తెచ్చుకున్నాడు. అది ఒక్క రోజులో అయిపోయింది. కుండ మా పెరట్లో బోర్లపడి ఉంది.

మా అంబలి కుండ అడుగున సన్నటి నెర్ర పడి కారుతున్నదని నేను చూసింది సరిగ్గా గంజికి ముందు రోజే. అత్తను అడిగాను.

"మామ కుండ ఉంది గద, బూడిద పెట్టి తోము. చింతపండు గూడ ఏసి కడుగు. కుండకు కులమా?" అన్నది.

వాసన పోయేదాకా కడిగాను. కింది అర మీద ఉన్న డాల్డా డబ్బా తీసి, తైద పిండి నీళ్లలో కలిపి, ఎసట్లో పోసి తెడ్డు తిప్పాను. మొదట చిక్కబడినట్టే అయి, తిప్పుతుండగానే పలచనైపోయింది. ఇంకో మానెడు పిండి కలిపి పోశాను. అది కూడా కరిగిపోయింది.

"అత్తా, చిక్కగైతలేదు."

"పిండి పాతదైందేమో. ఇంక పొయ్యి. నలుగురు తాగేది, పిసినారితనం చెయ్యకు."

డబ్బా అడుగు కనబడేదాకా పోశాను. చల్లారినాక కుండలో పోసి, పులుపు పట్టడానికి రాత్రి గంజినీళ్లు ఒక గ్లాసు కలిపి, గుడ్డ కట్టి నీళ్లకుండల పక్కన పెట్టాను. తెల్లవారితే గంజి అనుకున్నాం. తెల్లవారేసరికి ఆకాశమంతా మబ్బు.

మబ్బులో గంజి పెడితే పడుగు ఆరదు, బూజు పడుతుంది. ఆ రోజు ఆగారు. ఆ మర్నాడు కూడా నాలుగు చినుకులు పడ్డాయి. నాగప్ప మామ మబ్బులను తిడుతూ అరుగు మీద కూర్చున్నాడు. కమల వదిన పిల్లను ఒళ్లో వేసుకొని బొంత మీద ఆడించింది. నాకు మాత్రం ఆ మబ్బు ఇంకో వారం ఉంటే బాగుండనిపించింది. పెరట్లో నుంచి లోపలికి పోయినప్పుడల్లా కుండలో ఏదో బుసబుసమనేది. "పులుస్తుంది లే" అన్నది అత్త.

మూడోనాడు పొద్దు తెల్లగా పొడిచింది. వీధంతా పడుగు సాగింది. గంజి వాసన, తడి నూలు వాసన. మా ఆయన ఒక కొసన, పక్కింటి చెన్నయ్య ఇంకో కొసన, నడుమ నాగప్ప మామ కుంచె. ఎండ ముదరకముందే సగం పని అయింది. "కోడలా, అంబలి తే" అని మామ కేకేశాడు.

కుండ ఎత్తి అరుగు మీద పెట్టి గుడ్డ విప్పితే, తెల్లటి నురగ కుండ మూతి దాకా వచ్చి ఉంది.

పెద్దవాడు ముందు తాగాలి. మామ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏ వనంల గీసిండ్రు దీన్ని?"

చెన్నయ్య పకపకా నవ్వాడు. "అంబలి మామా అది! మొన్న తాగింది ఇంక దిగలేదా నీకు?"

"నీకేం తెల్వదు, ఊకో." ఒక చుక్క వేళ్ల మధ్య రాసి జిగురు చూశాడు. గుటక నోట్లో పోసుకొని, కళ్లు మూసుకొని, ఇటు దవడకూ అటు దవడకూ తిప్పాడు. మింగాడు. "ముందుగాల పులుపు తగిలె. ఆడికెళ్లి తీపి. గొంతు దిగినంక జర గరం. ఈతకల్లు కాదు, దాని వాసన ముక్కుల గుచ్చుతది. తాటిది కాదు, వగరు లేదు. వాన పడ్డంక చెల్కల వస్తది సూడు, గా మన్ను వాసన. ఇసొంటిది నా జన్మల తాగలే."

చెన్నయ్య కూడా ఒక గ్లాసు ముంచుకొని తాగాడు. "అబ్బో! మామ జూట మాట చెప్తలేడు." వెనకనున్నవాళ్లు గ్లాసుల కోసం చేతులు చాపారు.

నవ్వులాగే ఉంది అప్పటిదాకా. కమల వదిన పిల్లను చంకనేసుకొని వచ్చి కుండ మీదికి వంగింది. వాసన చూసి తల ఎత్తి నా వైపు చూసింది.

"కల్లా ఇది? అంబలి అని కల్లు పెట్టినవా బాలమణీ?"

"లేదు వదినా..."

"పిల్లకు గూడ ఇదేనా పోసుడు? గందుకేనా మూతి తిప్పుకుంటది? గందుకేనా మబ్బుగ పండుకుంటది?"

వీధిలో కుంచెలు ఆగాయి. ఏడ్చే పిల్లకు వేలితో కల్లు నాకించి పడుకోబెట్టే తల్లుల గురించి అందరూ విన్నవాళ్లే. మా అత్త "నోర్మూసుకో కమలా, వాకిట్ల నలుగురున్నరు" అన్నది గాని, ఆమె కళ్లు కూడా నా మీదనే ఉన్నాయి. నా పిల్ల వదిన చంకలో నుంచి నా వైపు చేతులు చాపింది. ఇప్పుడు పిల్ల పోతే వానలకు తిరిగి రాదు. ఇట్లాంటి తల్లి చేతికి ఎవరిస్తారు?

మా ఆయన కుంచె నుంచి గంజి కారుతుండగా వచ్చి నిలబడ్డాడు. "మామా, నువ్ చెప్పు. కల్లు కలిసిందా ఇండ్ల?"

"ఆగురా. ఒక్క గుటకల చెప్తే అది తీర్పా?" మామ ఇంకో గ్లాసు ముంచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. సగం తాగి, వదినతో అన్నాడు. "కల్లు కలపలే. కలిపితే రెండు రుచులు యాడిదాడ వేరువడతయి, నీళ్లు నూనె లెక్క. ఇది ఒక్కటే రుచి, లోపటికెళ్లి పుట్టింది. కుండ నాది. ఎంత కడిగినా మట్టి కుండ, కల్లు పట్టి ఉంటది. రెండు దినాలు మబ్బుకు ఆగినం. కుండ దాని పని అది చేసింది. ఇండ్ల కోడలి తప్పేం లేదు."

వదిన కుండ దగ్గర నుంచి జరిగింది. కాని పిల్లను నాకు ఇవ్వలేదు.

"ఒక్కటే సమజ్ కాలే నాకు" అన్నాడు మామ, గ్లాసు ఎండకు పట్టి చూస్తూ. "తైద అంబలి పులిస్తే పులుపే వస్తది. ఈ తీపి యాడికెళ్లి వచ్చింది? బెల్లం ఏసినవా?"

"లేదు మామా."

"మరి నీళ్ల లెక్క ఎందుకుంది? పిండి దాసుకున్నవా?"

అత్త అందుకున్నది. "లేదన్నా. డబ్బ అడుగు దాక ఏసింది, నా కండ్ల ముంగట."

"అయితే నువ్వే తాగి సూడు కోడలా. నీ చేతిది నీకు తెల్వాలె."

పెద్దల ముందు తాగడమేమిటని సందేహించాను. అత్త కళ్లతోనే తాగమన్నది. ఒక గుక్క పోసుకున్నాను. పులుపుకు దవడలు గుంజాయి. ఆ పులుపు దిగిపోయాక నాలుక చివర ఒక తీపి మిగిలింది. బెల్లం తీపి కాదు. పచ్చి మొలక కొరికితే వచ్చే తీపి.

ఆ తీపి నాకు తెలుసు. పిల్లకు జావ పోసేముందు వేడి చూడడానికి ప్రతిసారీ ఒక చెంచా నేను నాకేదాన్ని. ఎండల మొదట్లో, బిజినేపల్లిలో, ఆ తీపే. ఉగాది తర్వాత అది లేదు. బెల్లం కలిపాను కాబట్టి లేదని నాకు తెలియలేదు.

గ్లాసు అక్కడే పెట్టి లోపలికి పరిగెత్తాను. పై అర మీది డాల్డా డబ్బా దించాను. దానితోనే కదా రోజూ పిల్లకు జావ కాస్తున్నాను. కింది డబ్బా కూడా తీసి అడుగున మిగిలిన పిండి గీకాను. రెండు గిన్నెల్లో ఒకే లెక్క పిండి, ఒకే లెక్క నీళ్లు. పొయ్యి రెండు వైపులా పెట్టాను. వదిన గుమ్మంలో నిలబడింది. అత్త వచ్చి నా పక్కన కూర్చున్నది.

పై డబ్బా జావ గడ్డకట్టినట్టు చిక్కబడి, చెంచా గుచ్చితే నిలబడింది. కింది డబ్బా జావ పాలలాగా జారింది.

"మొలక పిండి ఇది అత్తా" అన్నాను కింది డబ్బా చూపిస్తూ. "పిల్లది. అంబలికి పోసింది పిల్ల పిండి. పిల్లకు పోసేది ఇంటి పిండి. నాలుగు చెంచాలకే కడుపు బిగుసుకపోతది, ఇంక యాడ తాగుతది?"

అత్త రెండు డబ్బాలనూ చేతుల్లోకి తీసుకొని కళ్ల దగ్గర పెట్టుకొని చూసింది. రెండింటి మీదా అదే పసుపు, అదే పచ్చ చెట్టు. లోపల పిండి కూడా అదే రంగు.

"నువ్ బిజినేపల్లి పోయిన వారం" అన్నది. "ఉగాదికని డబ్బలన్ని నేనే కడిగిన. పిండి సాటల పోసుకొని మల్ల నింపిన. ఏది యాడ పెట్టిన్నో..." ఆపేసింది. చెంగుతో మొహం తుడుచుకున్నది. "ఈడి నీళ్లు పడతలేవంటి. నీళ్ల మీద ఏసిన పాపం."

"రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి అత్తా. నేను సూసినా గుర్తువట్టకపోదును."

పలచటి జావ చల్లార్చి, ఒక చెంచా నాకి చూశాను. ఆ తీపి. గిన్నె పట్టుకొని లేచేసరికి వదిన చేయి చాపింది. "నేను పోస్త" అన్నది. అడిగినట్టు కాదు, బతిమిలాడినట్టు. ఇచ్చాను.

మొదటి చెంచాకు జమ్ములమ్మ అలవాటుగా దవడ బిగించింది. పెదవి మీద పడింది నాకింది. ఇంకోసారి నాకింది. తర్వాత నోరు తెరిచింది. వదిన పోస్తున్నది, పిల్ల తాగుతున్నది. ఆలస్యమైతే కాళ్లు తన్నుతున్నది. గిన్నె ఖాళీ అయ్యాక దాని అంచు పట్టుకొని కొరికింది.

"ఇంక ఉన్నదా?" అని అడిగింది వదిన నన్ను, తల ఎత్తకుండానే.

బయట నాగప్ప మామ గొంతు. "ఏంది లోపట? తీర్పు చెప్పినోన్ని వాకిట్ల మర్సిపోయిండ్రు!"

"తీపి దొరికింది మామా!" అని కేకేశాను. ఎందుకో గాని అప్పుడు ఏడుపు వచ్చింది.

తక్కిన పడుగు పని ఆ రోజు కొంచెం హుషారుగా సాగింది. చెన్నయ్య కుంచె ఆడిస్తూ పాట ఎత్తుకున్నాడు. "పోగు తెగితే నీ పాట చెప్త" అని మా ఆయన వెంటపడుతున్నాడు. "సాకు, సాకు" అని కన్నడంలో చాలు చాలంటూనే మామ గ్లాసు చాపుతున్నాడు. పోగు ఒక్కటీ తెగలేదని తర్వాత అందరూ ఎవరికి వాళ్లు గొప్ప చెప్పుకున్నారు.

మధ్యాహ్నం వదిన చీర సర్దుకొని, సంచి తీసుకొని అరుగు మీదికి వచ్చింది. అత్త పిల్ల విషయం ఎత్తలేదు. మా ఆయనా ఎత్తలేదు. పిల్ల నా ఒళ్లో నిద్రపోతున్నది. వదిన వంగి, పిల్ల చేతి నల్లపూసలను మణికట్టు దాకా జరిపింది. అవి మళ్లీ జారాయి.

"పొద్దుగాల అన్న మాట మనసుల పెట్టుకోకు మరదలా" అన్నది. "పిల్ల చిక్కిపోతుంటే పరేషాన్ల నోరు జారింది."

"నాకు గూడ గదే పరేషాన్ వదినా."

"బొంత ఈడనే ఉండనీ. గీ పూసలు నిలవడ్డంక నువ్వే తీసుకొనిరా. పడుగు ఖాళీ దొరికినప్పుడు నెల దినాలుందురు, ఇద్దరు." మెట్టు దిగి మళ్లీ ఆగింది. "మా ఇంట్ల తైదలు బస్త ఉన్నయి. మీరు వచ్చెటాల్లకు మొలక పిండి నేనే చేసి పెడత. నానబెట్టినంక మూటల ఎంతసేపుంచాలె? నీడల ఎండబెట్టాల్నా, ఎండల్నా?"

చెప్పాను. సగం విని, "మల్ల చెప్పు" అన్నది. మళ్లీ చెప్పాను. మా ఆయన సంచి పట్టుకొని బస్సు దాకా వెంట పోయాడు.

ఆ సాయంత్రం నేను తైదలు నానబోశాను. అత్త పై అర మీది పిండిని కింది డబ్బాలో పోసి, పై డబ్బాను పిల్ల పిండికని కడిగి ఆరబెట్టి, మగ్గం కింద పడి ఉన్న ఎర్ర పట్టుపోగు తెచ్చి దాని మెడకు రెండు చుట్లు చుట్టి ముడి వేసింది. చేత్తో తడిమితే తెలియాలని ముడి పెద్దగా వేసింది.

తర్వాత కల్లుకుండ తోమడానికి పెరట్లోకి పోబోయింది. అరుగు మీద కళ్లు మూసుకొని పడుకున్న నాగప్ప మామ ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు.

"రేణుకా, గా కుండ కడగకు! మల్ల పడుగు ఎప్పుడేస్తుండ్రు మీరు?"